ఋణపత్రం చిరిగిన తరువాత





అప్పు తీర్చుకున్న గృహస్థుని ముందు ఈ కాలంలో ఒక చిన్న ప్రశ్న నిలుస్తున్నది. క్రెడిట్ కార్డు మీద పేరుకున్న బాకీని అణాపైసలతో సహా చెల్లించాడు. ఇక ఆ కార్డును మూసివేయాలా, ఉంచుకోవాలా? ఇది కేవలం లౌకిక విషయం కదా, దీనిలో ధర్మవిచారానికి చోటెక్కడ అని కొందరికి తోచవచ్చు. కానీ మన స్మృతికారులు అప్పును లౌకికమని ప్రక్కకు నెట్టలేదు. అష్టాదశ వ్యవహారపదాలను లెక్కించిన మనువు ఋణాదానాన్నే మొట్టమొదట నిలిపాడు. అప్పు ఇచ్చినవానికి ఉత్తమర్ణుడనీ, పుచ్చుకున్నవానికి అధమర్ణుడనీ పేర్లు పెట్టినప్పుడే మన భాష ఆ ఇద్దరి స్థితినీ తేల్చి చెప్పింది. అరణ్యపర్వంలో యక్షుడు సుఖి ఎవడని అడిగినప్పుడు ధర్మరాజు సార్వభౌముని పేరు చెప్పలేదు. అప్పు లేక, పరదేశవాసం లేక, పగలు గడిచిన తరువాతనైనా తన యింట కూరాకు వండుకొని తినేవాడే సుఖి అన్నాడు. అథర్వవేదంలో ఇహలోకంలోనూ పరలోకంలోనూ ఋణం లేకుండా ఉండాలని ప్రార్థించే సూక్తాలు ఉన్నవి.

అయితే ఋణం కలగడమే పాపమని శాస్త్రం చెప్పలేదు. పుట్టుకతోనే మనిషి ఋషులకు, దేవతలకు, పితరులకు ఋణపడి ఉంటాడని తైత్తిరీయ సంహిత చెబుతున్నది. శతపథ బ్రాహ్మణం తోటి మనుష్యుల ఋణాన్ని కూడా దీనికి చేర్చింది. ఇక కలియుగ ప్రత్యక్షదైవమైన వేంకటేశ్వరుడు తన కల్యాణానికి కుబేరుని వద్ద అప్పు చేసి, నేటికీ వడ్డీ చెల్లిస్తున్నాడని మన పురాణకథ. ఆ స్వామిని వడ్డికాసులవాడని పిలుచుకునే జాతి మనది. కాబట్టి అప్పు చేయడంలో కన్నా, దానిని తీర్చే తీరులోనూ, తీరిన తరువాతి నడతలోనూ ధర్మసూక్ష్మం ఎక్కువగా ఉన్నది.

తీరిన తరువాత ఏమి చేయాలన్న విషయంలో యాజ్ఞవల్క్యుడు స్పష్టంగా విధించాడు. కొంత కొంతగా చెల్లిస్తూ ఉంటే ఆ చెల్లింపును ఋణపత్రం వెనుక వ్రాయించాలి. మొత్తం చెల్లించిన పిమ్మట ఆ పత్రాన్ని చింపివేయాలి. లేదా శుద్ధి కోసం మరొక పత్రాన్ని వ్రాయించుకోవాలి. సాక్షుల ఎదుట పుచ్చుకున్న అప్పును సాక్షుల ఎదుటనే తీర్చాలి. నేడు బ్యాంకులు ఇచ్చే ‘నో డ్యూ’ పత్రం ఆ శుద్ధిపత్రానికి వారసురాలు. ఈ విధిని చదివినవారు, కార్డును కూడా చింపివేయడమే శాస్త్రసమ్మతమని వెంటనే నిర్ణయిస్తారు. ఇక్కడనే కొంచెం ఆగి విచారించాలి.

ఋణపత్రం ఒక అప్పుకు చెందినది. ఆ అప్పు తీరగానే అది నిర్జీవమవుతుంది. దానిని చింపినా చింపకపోయినా దాని నుండి కొత్త అప్పు పుట్టదు. క్రెడిట్ కార్డు అటువంటిది కాదు. అది జరిగిన అప్పుకు గుర్తు కాదు, జరగబోయే అప్పులకు ముందుగానే లభించిన అనుమతి. బాకీ తీరిన మరుక్షణమే అది పూర్ణబలంతో మరల లేచి నిలుస్తుంది. ఋణపత్రం తాళం వేసిన పెట్టె అయితే, కార్డు తెరిచి ఉన్న ద్వారం. అందువలన యాజ్ఞవల్క్యుని విధి మన ప్రశ్నలో సగానికే సమాధానం. బాకీ విషయంలో శుద్ధిని సంపాదించాలి. అది అందరికీ సమానం. ద్వారం విషయంలో మాత్రం ఆ ఇంట నివసించేవారు ఎవరన్నదానిని బట్టి నిర్ణయం మారుతుంది. మన సంప్రదాయం దీనినే అధికారిభేదం అంటుంది.

ఈ విచారం నాకు గ్రంథాల నుండి మాత్రమే రాలేదు. 2020లో లాక్‌డౌన్ వలన దేవాలయాలు మూతపడినవి. జూన్ 8న మరల తెరుచుకున్నా, హారతి పళ్ళెంలో దక్షిణ గానీ, ఇండ్లలో వ్రతాలు గానీ చాలాకాలం పూర్వస్థితికి రాలేదు. మరుసటి సంవత్సరం రెండవ తరంగంలో మా మాతృదేవి ఆసుపత్రిలో చేరినప్పుడు, ముందుగా కట్టవలసిన ధనానికి మా ఇంట ఉన్న రెండు కార్డులే ఆధారమైనవి. 2014లో తీసుకున్న పాత కార్డు పరిమితి 80,000 రూపాయలు. తరువాతి దాని పరిమితి 1,20,000. తల్లి ఇంటికి చేరే నాటికి పాతదానిపై 50,000, కొత్తదానిపై 1,00,000 బాకీ నిలిచింది.

మా పల్లెలలో నూటికి రూపాయి వడ్డీ ధర్మవడ్డీ. రెండు రూపాయలంటే ముఖం చిట్లిస్తారు. మూడు రూపాయలు పుచ్చుకునేవానిని పీడించేవాడంటారు. అటువంటిది, ఆ కార్డు మీద వడ్డీ నూటికి నెలకు మూడున్నర రూపాయలు! వసిష్ఠుడు చెప్పిన ధర్మ్యమైన వడ్డీ నెలకు అసలులో ఎనుబదవ భాగమని మనుస్మృతి పేర్కొంటున్నది. లక్ష రూపాయలకు అది 1,250 రూపాయలు. కార్డు లెక్కలో అదే లక్షకు 3,500 వడ్డీ, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ 630, వెరసి 4,130. మినిమం డ్యూ పేరుతో 5,000 చెల్లించినవానికి అసలులో తగ్గేది 870 రూపాయలే. ఒక్కసారిగా పుచ్చుకునే వడ్డీ అసలును మించరాదని, మొత్తం రెట్టింపుకు దాటరాదని స్మృతులు హద్దు గీశాయి. కార్డు వడ్డీ 30 శాతాన్ని మించరాదని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో ఇచ్చిన తీర్పును, 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు రద్దు చేసింది. కాబట్టి రక్షణ కోసం బయటి హద్దును చూడరాదు. హద్దు మన ఇంటిలోనే ఉండాలి.

నా సహధర్మచారిణి తన గాజులను బంగారు ఋణానికి కుదువపెట్టి, నూటికి రూపాయి వడ్డీకి వచ్చిన ధనంతో కొత్త కార్డు బాకీని ముందుగా తీర్పించింది. పాత కార్డు బాకీని తక్కువ వడ్డీకి నెలవారీ వాయిదాలుగా మార్పించుకున్నాము. ఆ మధ్యలో ఒకనాడు ఫోను వచ్చింది: కొంత భాగం ఒకేసారి కడితే మిగిలినది మాఫీ చేసి ఖాతాను సెటిల్ చేస్తామన్నారు. మేము అంగీకరించలేదు. ‘సెటిల్డ్’ అనే మాట వినడానికి శాంతిగా ఉంటుంది గాని, ఋణచరిత్రలో దానికి అర్థం ‘పూర్తిగా చెల్లించలేదు’ అని. ‘క్లోజ్డ్’ అనే మాట మాత్రమే పూర్తిగా తీరినదని సాక్ష్యమిస్తుంది. అగ్నిశేషం, శత్రుశేషం, ఋణశేషం ఉంచరాదన్న పెద్దల మాట ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. వేరు దారి లేక సెటిల్‌మెంటుకు ఒప్పుకున్నవారిని నిందించడం నా ఉద్దేశం కాదు. వారు కూడా తరువాత చేతికి ధనం వచ్చినప్పుడు శేషాన్ని చెల్లించి, ఆ మాటను మార్పించుకొనవచ్చునేమో బ్యాంకును అడగడం మేలు.

2024 కార్తీకమాసంలో చివరి వాయిదా తీరింది. గాజులు ఇంటికి వచ్చినవి. ఆ రాత్రి దీపారాధన అయిన తరువాత ఆమె, “ఏమండీ, అప్పు తీరింది కదా, ఆ కార్డులు ఇంకా ఇంట్లో ఎందుకు? వాటిని చూస్తే నాకు ఆసుపత్రి వరండాయే కనిపిస్తుంది” అన్నది. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా కుమారుడు ఫోనులో, “నాన్నగారూ, తొందరపడి మూయకండి. మీ సిబిల్ స్కోరు తగ్గుతుంది. చెల్లాయి చదువుకు బ్యాంకు ఋణం కావాలంటే మీరే సహ దరఖాస్తుదారు కావాలి” అన్నాడు. ఇద్దరి మాటలోనూ సత్యం ఉన్నది. ఒకరిది భయం, ఒకరిది లెక్క అని తేలికగా విభజించి తీర్పు చెప్పడం న్యాయం కాదు.

ముందుగా లెక్కను చూద్దాం. స్కోరు అనేది 300 నుండి 900 వరకు ఉండే ఒక సంఖ్య. పూర్వం ఊరిలో ఒకని మాట మీద అప్పు పుట్టేదో లేదో నలుగురు పెద్దలు చెప్పేవారు. నేడు ఆ సాక్ష్యాన్ని ఈ సంఖ్య చెబుతున్నది. దీనిని తృణీకరించడం వైరాగ్యం కాదు. సాక్షి స్థానానికి మన ధర్మశాస్త్రంలో ఎంత గౌరవం ఉన్నదో ఎరిగినవాడు దీనిని కూడా గౌరవిస్తాడు. కార్డును మూసినప్పుడు రెండు విషయాలలో ఈ సంఖ్య మీద ప్రభావం పడవచ్చు. మొదటిది, మనకున్న మొత్తం పరిమితిలో ఎంత భాగం వాడుతున్నామన్న నిష్పత్తి. అది 30 శాతానికి లోపల ఉండడం మంచిదని సాధారణంగా చెబుతారు. రెండవది, మన ఖాతాల వయస్సు. ఎక్కువ కాలంగా నియమంగా నడిచిన ఖాతా మంచి సాక్షి.

మా సంగతికి దీనిని అన్వయిస్తే, నెలకు 8,000 రూపాయలు కార్డుపై ఖర్చు చేసినా, రెండు కార్డుల మొత్తం పరిమితి 2,00,000లో అది 4 శాతం. కొత్త కార్డును మూసి పాతదానిని ఉంచుకుంటే 80,000లో 10 శాతం. రెండూ హద్దులోపలివే. పాతదాని వయస్సు నిలిచే ఉంటుంది. పైగా దానికి వార్షిక రుసుము లేదు. మూసిన ఖాతా చరిత్ర సైతం నివేదిక నుండి మరునాడే చెరిగిపోదు. నియమంగా చెల్లించిన చరిత్ర మూసిన తరువాత కూడా కొంతకాలం మనకు సాక్షిగా నిలుస్తుంది. కాబట్టి కార్డు మూస్తే పరువు పోతుందన్న భయం ఎంతగా ప్రచారంలో ఉన్నదో అంతగా నిజం కాదు. సమీపకాలంలో గృహఋణం గానీ, విద్యాఋణం గానీ అవసరం లేనివానికి ఆ కొద్దిపాటి తరుగుదల వలన నష్టమే లేదు. కేవలం ఆ సంఖ్యను అలంకారంగా ధరించడం కోసం అక్కరలేని కార్డులను పోషించడం, దేవుని గదిలో పూజకు నోచని విగ్రహాలను పెంచుకోవడం వంటిది.

ఇక మనస్సును చూద్దాం. గీత పదునెనిమిదవ అధ్యాయంలో భగవానుడు త్యాగాన్ని మూడు విధాలుగా చెప్పాడు. మోహం చేత చేయవలసినదానిని విడవడం తామసం. క్లేశం కలుగుతుందనే భయంతో విడవడం రాజసం. దానివలన త్యాగఫలం దక్కదు. సంగాన్ని, ఫలాన్ని విడిచి కర్తవ్యాన్ని నెరవేర్చడం సాత్త్వికం. ఆ ఉపదేశం నియతకర్మను ఉద్దేశించినదే అయినా, దేనిని ఎందుకు విడుస్తున్నామని పరీక్షించుకోవడానికి మనకు ఒక దర్పణం. కార్డు మీద కోపంతో, అవమానం తలచుకొని, కత్తెరతో రెండు ముక్కలు చేసినవాని చర్యలో రాజసం ఎక్కువ. కూతురి చదువుకు తండ్రిగా నిలబడవలసిన కర్తవ్యం ఎదుట ఉండగా, ముందు వెనుకలు చూడక సాక్ష్యాన్ని తగ్గించుకుంటే అందులో తామసం కలుస్తుంది. మా తల్లి నేటికీ ఉదయాన తులసికోటకు నీరు పోస్తున్నది. ఆపదలో అక్కరకు వచ్చిన వస్తువును ద్వేషించడం కృతఘ్నత వంటిది. మరల వస్తుందని నమ్ముకొని కూర్చోవడం అవివేకం.

అయితే ఉంచుకోవడంలోనూ వంచన ఉండవచ్చు. “ఆపద కోసం” అని ఉంచుకున్న కార్డు పండుగ బట్టలకు, పండుగ రాయితీలకు, చివరకు ఏ కారణమూ లేని కొనుగోలుకు బయటకు వస్తుంది. గీత రెండవ అధ్యాయంలో ఒక సూక్ష్మవిషయం ఉన్నది: ఆహారం మానినవాని నుండి విషయాలు తొలగుతాయి గాని, వాటి మీది రుచి తొలగదు, పరతత్త్వదర్శనంతో గాని ఆ రుచి పోదు. ఈ దృష్టితో చూస్తే కార్డు మూయడం వలన తొలగేది విషయమే. రుచి మిగిలినవాడు కార్డును మూసి, మరునాడు ఫోనులో ‘తరువాత చెల్లించండి’ అనే యాప్‌ను తెరుస్తాడు. దాని వడ్డీ మరింత భారమైనా దానికి కార్డు అనే పేరు లేదు కనుక మనస్సు ఊరడిల్లుతుంది. వేయించిన గింజ మొలకెత్తదని యోగశాస్త్ర వ్యాఖ్యాతలు చెప్పిన ఉపమానం మనకు తెలిసినదే. గింజ వేగనంతవరకు దానిని తడినేల నుండి దూరంగా ఉంచడం తప్పనిసరి. అట్టివారు స్కోరు లెక్కలను ప్రక్కనపెట్టి కార్డులన్నీ మూయడమే శ్రేయస్కరం. ఇది ఓటమి కాదు. ఏకాదశినాడు వంటింటి తలుపు మూసుకునే సాధకుడు తన బలహీనతను ఎరిగిన వివేకి.

మరి గింజ వేగినదో లేదో తెలిసేదెట్లు? బాకీ తీరిన తరువాత ఆరు నెలలు వేచి చూడడం ఒక మార్గం. ఆ ఆరు నెలలలో ప్రతి నెల బిల్లును గడువులోపల పూర్తిగా, మినిమం డ్యూ కాక మొత్తంగా, చేతిలో ఉన్న ధనంతో చెల్లించగలిగారా? కార్డు లేకపోతే కొనని వస్తువును ఒక్కటైనా కొన్నారా? భార్యకు గానీ భర్తకు గానీ చెప్పకుండా ఒక్క రూపాయి అయినా గీకారా? ఈ మూడింటికీ నిర్భయంగా జవాబు చెప్పగలిగినవానికి కార్డు కేవలం ఒక పనిముట్టు. చెప్పలేనివానికి అది ఇంకా ద్వారమే.

మేము చేసిన నిర్ణయం ఇది. కొత్త కార్డును మూసివేశాము. పాతదానిని మా అమ్మాయి విద్యాఋణం మంజూరయ్యే వరకు ఉంచదలచాము. ఉంచినదానిపై అంతర్జాతీయ లావాదేవీలను, ఇంటర్నెట్ కొనుగోళ్ళను బ్యాంకు యాప్‌లో నిలిపివేశాము. కార్డు నా సహధర్మచారిణి బీరువాలో, గాజుల పెట్టె ప్రక్కన ఉంటుంది. దాని ఖర్చుల సందేశాలు నా ఫోనుకు వస్తాయి. ఒకరికి తెలియకుండా మరొకరు దానిని వాడలేరు. సాక్షి లేని ఋణం ఉండరాదన్న స్మృతిమర్యాదను మా ఇంటికి ఇట్లా అనువదించుకున్నాము. నెలకు ఒకసారి ఇంటి సరుకులు మాత్రం దానిపై తెచ్చి, బిల్లు రాగానే పూర్తిగా చెల్లిస్తున్నాము. ఆమె భయానికి గౌరవం దక్కింది. కుమారుని లెక్కకూ దక్కింది.

మూయడమంటే ఏమిటో కూడా ఇక్కడ చెప్పుకోవాలి. వ్రతం ముగిసిన తరువాత కలశాన్ని ఊరకే తీసి ప్రక్కన పెట్టము. అక్షతలు సమర్పించి, కొద్దిగా కదిపి, ఉద్వాసన చెబుతాము. ఆవాహన చేసినదానికి ఉద్వాసన తప్పనిసరి. కార్డును కత్తెరతో ముక్కలు చేసినంత మాత్రాన ఖాతాకు ఉద్వాసన జరగదు. ముక్కలైన కార్డు పేరిట వార్షిక రుసుము పడుతూనే ఉంటుంది, అది బాకీగా మారి వడ్డీని కంటుంది. కాబట్టి క్రమం తప్పరాదు. మొదట ఆ కార్డుకు ముడిపెట్టిన ఆటోపే చెల్లింపులను రద్దు చేయాలి. మిగిలిన రివార్డు పాయింట్లను వాడుకోవాలి. వాయిదాలలో ఉన్నదేదైనా ఉంటే తీర్చాలి. చివరి బిల్లు తరువాత కూడా కొద్ది రోజుల వడ్డీ శేషించి ఉండవచ్చు. దానిని అడిగి తెలుసుకొని చెల్లించాలి. అప్పుడు మూసివేయమని కోరాలి.

రిజర్వు బ్యాంకు ఆదేశాల ప్రకారం, బాకీ ఏమీ లేని కార్డును మూయమని కోరిన ఏడు పనిదినాలలో బ్యాంకు మూయాలి. ఆలస్యం చేస్తే రోజుకు 500 రూపాయల చొప్పున ఖాతాదారునికి చెల్లించాలి. కోరికను పోస్టు ద్వారానే పంపాలని పట్టుబట్టరాదు. మూసిన సంగతిని సందేశం ద్వారా తెలపాలి. ఒక సంవత్సరానికి మించి వాడని కార్డును సైతం, ముందుగా తెలిపి 30 రోజులలో జవాబు రాకపోతే, బ్యాంకే మూయాలి. అందువలన ఉంచదలచినవారు అప్పుడప్పుడు చిన్న ఖర్చుకైనా వాడాలి. మూసిన తరువాత ‘నో డ్యూ’ పత్రాన్ని తీసుకొని భద్రపరచాలి. ఒకటి రెండు నెలలకు ఋణచరిత్ర నివేదికను తెప్పించుకొని, అందులో ‘క్లోజ్డ్’ అని పడినదో లేదో చూసుకోవాలి. యాజ్ఞవల్క్యుడు కోరిన శుద్ధి అప్పటికి పూర్తవుతుంది.

మా పాత కార్డు సంగతి అమ్మాయి ఋణం మంజూరైన నాడు మరల విచారిస్తాము. ఆనాటికి దానితో పని లేకపోతే దానికీ ఉద్వాసన చెబుతాము. ఈ లోపల నన్ను అడిగే గృహస్థులకు నేను చెబుతున్న మాట ఒక్కటే: మూసినా, ఉంచినా, ఆ నిర్ణయం భార్యాభర్తలు ఇద్దరూ కూర్చొని, లెక్క కాగితం ముందు పెట్టుకొని, దీపం వెలుగుతున్న వేళ చేయండి. కోపం వచ్చిన రాత్రి కత్తెర పట్టకండి. పండుగ ముందురోజు కార్డును బయటకు తీయకండి.

ఇతి శమ్.